అవ్వబండ మీద చుక్క

గీతలు రెండూ కలిసిన చోట నూకరత్నం ఒక చుక్క పెట్టింది. పెట్టాక గీతల్ని చెరిపేసింది.

ఇప్పుడు తెర మీద ఉన్నదల్లా సముద్రపు నీలం, దాని మీద ఒక ఎర్రచుక్క. ఆ చుక్క ఎలా వచ్చిందో చూసినవాళ్లెవరికీ తెలియదు. ఒంటెకొండ మూపు నుంచి లైట్‌హౌస్ మీదుగా ఒక గీత, క్వారీ తెల్లమచ్చ నుంచి చర్చి శిలువ మీదుగా ఇంకో గీత సముద్రంలోకి సాగదీస్తే, అవి ఒకదాన్నొకటి దాటే చోటది. ఆన్‌లైన్‌లో ఎవరికైనా ఊరికే దొరికే పటం మీదే గీసింది. కొండలు అందులో ఉన్నాయి, చర్చి ఉంది, లైట్‌హౌస్ ఉంది. వాటిలో దేన్ని దేనితో కలపాలన్నది మాత్రం ఏ పటంలోనూ లేదు. అది ఆమె పుట్టిన చేపలవాళ్ల ఊరు గరువుపేటలో రెండిళ్లకే తెలుసు.

"ఆనవాళ్లు చెప్పలేదు కదా," అనుకుంది రత్నం. "చుక్క మాత్రమే ఇస్తున్నాను." తప్పు చేయబోయే మనిషి ముందుగా ఒక వకీలుని పెట్టుకుంటుంది. ఫీజు అడగని ఆ వకీలు తన మనసే. రత్నం వకీలు ఆరోజు చాలా బాగా వాదించాడు.

ఆమె పనిచేసే సాగర పటశాల విశాఖపట్నంలో కొండవాలు మీద ఉంది. కిటికీలోంచి చూస్తే సముద్రం కనిపిస్తుంది గాని, అక్కడివాళ్లు కిటికీలోంచి చూసేది తక్కువ. ఏటిలో నీళ్ల కింద రాయి ఉంటే పైన నీరు ముడత పడుతుంది. సముద్రంలోనూ పడుతుంది, కాకపోతే అది కంటికి ఆనని ముడత. ముప్ఫై బారల లోతున ఉన్న బండ పైకి పంపే ఆ ముడతని ఉపగ్రహాలు తీసిన ఫొటోల్లోంచి ఏరి, ఓడ కదిలే పని లేకుండా సముద్రం అడుగుకి పటం గీసే ప్రోగ్రాం ఒకటి వాళ్లు తయారు చేస్తున్నారు. దాని పేరు లోతుపటం. చూపిస్తే నేర్చుకునే రకం ప్రోగ్రాం అది. గాలి వేసిన ముడత ఏదో, బండ వేసిన ముడత ఏదో మాత్రం దానికి ఎంతకీ తెలిసేది కాదు. ఓడల పటాల్లో ఉన్న బండలన్నీ ఒడ్డుకి దగ్గరవి, వాటి మీద అలలు విరుగుతాయి కనుక అవి పాఠానికి పనికిరాలేదు. లోతులో, చుట్టూ బురదనేల ఉండి, ఒంటరిగా నిలబడ్డ బండ కావాలి.

"ఒక్కటి ఖాయంగా చూపించగలిగితే చాలు, మిగతావి అదే పట్టుకుంటుంది," అని సంస్థ పెద్ద ఉమాకాంత్ గారు రోజూ నిట్టూర్చేవారు. సర్వే ఓడకి అనుమతి వర్షాలు వెళ్లాక గాని రాదు. ఢిల్లీ నుంచి పరీక్షించేవాళ్లు ఆలోపే వస్తారు. అప్పటికి చూపించడానికి ఏమీ లేకపోతే పని మూతపడుతుంది.

అందుకే ఇచ్చానని రత్నం తరవాత చాలాకాలం తనకు తాను చెప్పుకుంది. అది సగం నిజం. ఆ గదిలో అందరిదీ పుస్తకాల్లో చదివిన సముద్రం, తనది పుట్టిన సముద్రం. పేరు చెబితే పేట తెలిసిపోయే ఇంటి నుంచి వచ్చిన పిల్ల, పొద్దున స్కూటర్ ఎక్కే ముందు జడలో చేపల వాసన ఉందేమోనని ముక్కుకి ఆనించి చూసుకునే పిల్ల, ఒక్కసారి ఆ గదిలో అందరికంటే ముందు నిలబడాలనుకుంది. మిగతా సగం నిజం అది.

"నీకెలా తెలుసమ్మా ఇక్కడ బండ ఉందని?" అని ఉమాకాంత్ గారు అడిగారు.

"మా ఊరి ముందే సార్. చిన్నప్పుడు విన్నాను," అంది.

ఆయన ఇంకేమీ అడగలేదు. చుక్కని ప్రోగ్రాంకి పాఠంగా ఇచ్చారు. సాయంత్రం టీ వచ్చేసరికి తీరం పొడవునా, భీమిలి అవతల నుంచి కాకినాడ ఇవతల దాకా, చుక్కలు మొలవడం మొదలైంది. ముందొకటి, కాసేపటికి ఇంకొకటి, ఆపైన వాన మొదలైనట్టు. గదిలో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మొదటి పాఠానికి అది ఇచ్చినవాళ్ల పేరు పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఉమాకాంత్ గారు తన చేత్తోనే చుక్క పక్కన ఇంగ్లీషులో 'రత్న' అని రాశారు. వద్దు సార్ అంది గాని, గట్టిగా అనలేదు.

ఆ చుక్కకి అసలు పేరు అవ్వబండ. ఎప్పుడు వెళ్లినా ఉత్త చేతులతో పంపదని రత్నం ముత్తాత పెట్టిన పేరది. కోనేలు, గులివిందలు, ఒక్కోసారి మనిషంత పండుగప్ప చేప. గరువుపేటలో ప్రతి ఇంటికీ సముద్రంలో ఇలాంటి బండ ఒకటి ఉంటుంది. పొలం గట్లు పక్కవాడికి తెలుస్తాయి, బండ తెలియదు. తండ్రి కొడుకుని తెప్ప మీద తీసుకుపోయి, ఒడ్డు వైపు తిప్పి నిలబెట్టి, ఏ కొండ ఏ గుర్తు వెనక్కి వస్తుందో చూపిస్తాడు. చేపలతో తిరిగొచ్చేటప్పుడు తెప్ప తిన్నగా రాదు. దక్షిణానికో ఉత్తరానికో చుట్టూ తిరిగి వస్తుంది, ఒడ్డున నిలబడి చూసేవాడికి దిక్కు తెలియకుండా. ఆయిలు ఎంత మండినా సరే అలాగే వస్తుంది.

రత్నం తండ్రి ఎల్లాజీకి కొడుకుల్లేరు. భార్య పోయాక తొమ్మిదేళ్ల కూతుర్ని ఇంట్లో ఒంటరిగా వదల్లేక, ఆడది తెప్ప ఎక్కకూడదన్న కట్టుబాటుని పక్కన పెట్టి, తెల్లారకముందే ఎవరి కంటా పడకుండా దాన్ని వలల కింద కూచోబెట్టి తీసుకుపోయేవాడు. అలాంటి ఒక రోజున దాని భుజాలు పట్టుకుని ఒడ్డు వైపు తిప్పాడు.

"సూడు. లైట్‌హౌసు ఒంటెకొండ మూపుని దాసీసిందా? ఇటు సూడు, సిలవ క్వారీమచ్చని దాసీసిందా? ఒకదాన్నొకటి దాసీసినప్పుడు మనం బండ మీదున్నట్టు. ఇది నోటితో అనకూడదు. నీలో నీవు దాసుకో."

గాలం దించితే గులివింద పడింది. ఆ పిల్ల తండ్రి చెయ్యి మీద చెయ్యి వేసి, ఎవరికీ చెప్పనని గంగమ్మ మీద ఒట్టు వేసింది. ఆ చేతిని ఇప్పుడు తలచుకుంటే రత్నానికి మౌస్ పట్టుకున్న చెయ్యే గుర్తొచ్చేది.

ఆ బండలో రెండో సగం ఎల్లాజీ చెల్లెలు పోలమ్మది. ఆమె పెళ్లికి ఇంట్లో బంగారం లేకపోతే తండ్రి అల్లుడిని తెప్ప ఎక్కించుకుని వెళ్లి ఆనవాళ్లు చూపించి, ఇదే నీ భార్య తెచ్చుకున్న సొమ్ము అన్నాడు. ఆ అల్లుడు జ్వరమొచ్చి చిన్న వయసులోనే పోయాడు. తరవాత ఎల్లాజీయే మేనల్లుడు పరదేశికి బండ చూపించాడు. పరదేశి తెప్పతోనే పోలమ్మ ఇల్లు, పరదేశి ఇద్దరు పిల్లల చదువు నడుస్తున్నాయి.

ఢిల్లీవాళ్లు వచ్చారు, మెచ్చుకున్నారు, లోతుపటం ఆన్‌లైన్‌లోకి వచ్చింది. ఎవరైనా తెరవచ్చు, ఎవరైనా దించుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. తుఫాను లెక్కలు కట్టేవాళ్లు సంబరపడ్డారు. ఓడల వాళ్లు ఉత్తరాలు రాశారు. పేపర్లో రత్నం ఫొటో పడింది. ఎల్లాజీ ఆ పేపరుని చొక్కా లోపల పెట్టుకుని ఒడ్డంతా తిరిగాడు. నా గుంట సముద్రం అడుగు సూసీసిందిరా అని వలలు దులిపేవాళ్లని, ఐసు కొట్టేవాళ్లని ఆపి మరీ చూపించాడు. ఎక్కువ తిప్పడంతో పేపరు మడతల దగ్గర చిరిగితే అన్నం మెతుకులతో అతికించాడు. రత్నం ఆరోజు అన్నం తినలేకపోయింది.

పేటలో ఎవరూ లోతుపటం తెరిచి చూడలేదు. తెరవాల్సిన అవసరం బండలు తెలియనివాళ్లది. తెలియనివాళ్లు తెరిచారు.

ముందుగా రింగు వలల బోట్లు వచ్చాయి. ఎక్కడివో పెద్ద బోట్లు. ఒక్క వలతో ఊరి చెరువంత నీటిని చుట్టేసి, కింద తాడు లాగి సంచిలా మూసి, పిల్లా జెల్లా అని చూడకుండా ఎత్తేస్తాయి. ఇదివరకు అవి సముద్రం మీద గుడ్డిగా వెతుక్కునేవి. ఇప్పుడు తిన్నగా వచ్చి అవ్వబండ మీద ఆగాయి. ఎల్లాజీ, పరదేశి దూరం నుంచి చూస్తూ ఉండగానే వల వేసి వెళ్లిపోయాయి. మర్నాడు ఇంకో రెండు వచ్చాయి. దసరా నాటికి అవ్వబండ మీద గాలం దించితే గాలమే పైకి వచ్చేది. మిగతా ఇళ్ల బండలూ ఒకటొకటిగా అలాగే అయ్యాయి.

రత్నం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తండ్రి అరుగు మీద ఖాళీ బుట్ట బోర్లించి దాని మీద కూచుని ఉండేవాడు. పులుసు కాచే రోజులు పోయాయి. పోలమ్మ బజారు నుంచి ఎండుచేపలు తెచ్చింది. మత్స్యకారుల ఇంట్లో ఎండుచేపలు కొనడమంటే కంసాలి ఇంట్లో గిల్టు గాజులు వేసుకోవడమే. ఆ ముద్ద నోట్లో పెట్టుకుంటూ పోలమ్మ, ఎవుడో నోరు జారినాడు అంది. ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు ఊరికేనా అంది. రత్నం తేలు కుట్టిన దొంగలా తల దించుకుని అన్నం కలుపుకుంది.

ఆ రాత్రి నిద్రపట్టక పడుకున్నంతసేపూ వకీలు మళ్లీ వచ్చి, నువ్వు చెప్పింది చుక్కే కదా అన్నాడు. ఈసారి రత్నం వాడి మాట నమ్మలేదు.

పొద్దున్నే ఆఫీసుకి వెళ్లి, ఎవరూ రాకముందే ప్రోగ్రాంకి ఇచ్చిన పాఠాల్లోంచి తన చుక్కని తీసేసింది. తీసేసి, మళ్లీ పటం గీయమంది. కాఫీ కూడా తాగకుండా తెర ముందే కూచుంది. నీలం మీద చుక్కలు మెల్లగా మొలిచాయి. అవ్వబండ కూడా మొలిచింది, వెనకటికంటే స్పష్టంగా. ఇదివరకు అది ఆమె చెప్పింది కాబట్టి అక్కడ ఉంది. ఇప్పుడు ప్రోగ్రాం తనంతట తాను కనుక్కుంది.

వెనక ఉమాకాంత్ గారు నిలబడి ఉన్నారని ఆమెకి అప్పుడు తెలిసింది. ఏం చేస్తున్నావని అడిగితే, ఏదీ దాచకుండా చెప్పేసింది. బండ ఎవరిదో, ఆనవాళ్లు ఎలా వచ్చాయో, ఒట్టు సంగతీ, రింగు బోట్ల సంగతీ. ఆయన కుర్చీ లాక్కుని కూచున్నారు. చెడ్డమనిషి కాదు.

"ముందే చెబితే ఆ చుక్క తీసుకునేవాణ్ని కాదమ్మా. ఆరోజు ఇంకో ప్రశ్న అడగాల్సింది. అడిగితే నువ్వు చెప్పేస్తావేమోనని అడగలేదు." తెర వైపు చూపించి, "పసిపిల్లకి ఆవుని చూపించి ఆవు అని చెప్పాక, ఆ ఆవుని తోలుకుపోతే పిల్ల మరిచిపోతుందా? దీనికి బండంటే ఏమిటో తెలిసిపోయింది. ఇక దాన్ని మరిపించలేం," అన్నారు.

పటాన్నే తీసేయవచ్చు కదా అని అడిగింది. తీసేయమని పైకి రాస్తానన్నారు ఆయన, రాశారు కూడా. కాని ఎన్ని వేలమంది దించుకున్నారో లెక్క లేదు, అవి ఎవరి ఫోనుల్లో, ఎవరి బోట్లలో ఉన్నాయో తెలియదు. తప్పు బండలు నేర్పించి పటాన్ని పాడుచేస్తే అన్న ఆలోచనా ఆమెకి వచ్చింది. అదే పటాన్ని చూసుకుని రాత్రి ఓడ నడిపే మనిషి గుర్తొచ్చి ఆ ఆలోచన విరమించుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆమెకి ఆ కుర్చీలో తెలిసింది. ఉమాకాంత్ గారికి చెప్పినంత సులువుగా తండ్రికి చెప్పలేకపోవడం ఎందుకో కూడా తెలిసింది. ఈయన ముందు తప్పు ఒప్పుకుంటే ఉద్యోగానికి ముప్పు, అంతే. ఇంటి దగ్గర ఒప్పుకుంటే తండ్రి నమ్మిన ఆ తొమ్మిదేళ్ల పిల్లే ఉండదు.

రేపు చెబుతాను అనుకుంది. రేపు అన్నది చాలాసార్లు వచ్చింది, వెళ్లింది.

ఈలోపు పరదేశి రింగు బోటులో కూలికి చేరాడు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. తన బండని దోచిన బోటు మీదే తాడు లాగడానికి వెళ్లాడు. పేటకి అది చాలు. ఆనవాళ్లు అమ్ముకుని కూలి సంపాదించుకున్నాడు, తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు అన్నారు. ముందు పోయింది అవ్వబండే కదా, మిగతా బండలు మన తెప్పల వెంటపడి చూసి చెప్పి ఉంటాడన్నారు. బండ ఎవరికో తెలియాలంటే ఎవరి నోట్లోంచో పడాలి; వాళ్లకి తెలిసిన దారి అదొక్కటే. పరదేశి పిల్లలతో మిగతా పిల్లలు ఆడటం మానేశారు. పరదేశి పొద్దున వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఒకసారి సందులో రత్నం ఎదురుపడితే, ఆమె మొహం వైపు చాలాసేపు చూసి, బాగున్నావా మరదలా అని మాత్రం అడిగి వెళ్లిపోయాడు. ఆ చూపు తనని ఎందుకు అంతగా కోసిందో ఆమెకి అప్పుడు అర్థం కాలేదు.

చివరికి కులపెద్ద సూరాడ గున్నయ్య కబురు పెట్టాడు. ఆదివారం పొద్దున ఒడ్డున అందరూ కూడాలి, ఒట్లు పడాలి. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, దోసిట సముద్రం పట్టుకుని, నేనూ నా ఇంటివాళ్లూ ఆనవాళ్లు చెప్పలేదు అనాలి. అబద్ధపు ఒట్టు వేసినవాడు తిరిగి తెప్ప ఎక్కకూడదు. ఎక్కితే గంగమ్మ ఊరుకోదు. ఇది అక్కడ నవ్వులాటగా ఎవరూ అనరు.

ఆదివారం ఎండ బాగా కాసింది. మగవాళ్లు నీటి అంచున, ఆడవాళ్లు వెనక తెప్పల నీడలో నిలబడ్డారు. ముందు పరదేశిని పిలిచారు. అతను లుంగీ ఎగ్గట్టి నీళ్లలోకి వెళ్లి, దోసిలి పట్టి, ఒట్టు వేసి నీళ్లు వదిలాడు. ఎవరూ నమ్మినట్టు కనపడలేదు. అవ్వబండ తెలిసిన ఇళ్లు రెండే కనుక, రెండో ఇల్లు కూడా ఒట్టు వేస్తే పరదేశిది అబద్ధమని తేలిపోయినట్టే. వెలివేతకి అందరూ మనసులో సిద్ధమైపోయారు. పోలమ్మ ఇసకలో చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఎల్లాజీ నీళ్లలోకి నడిచాడు. ఆయన ఆ మాట అనడానికి జంకవలసిన పని లేదు. తను ఎవరికీ చెప్పలేదు. తన ఇంట్లో ఉన్నది ఒక్క కూతురు. ఆ కూతురు ఒట్టు వేసి ఉంది. వంగి రెండు చేతులా నీళ్లు పట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. ఇంకో క్షణం ఆగితే ఆయన నోట్లోంచి ఆ మాట వస్తుంది, ఆయన ఇక జన్మలో సముద్రం మీదకి వెళ్లకూడనివాడవుతాడు, అది ఆయనకి తెలియను కూడా తెలియదు.

రత్నం ఆడవాళ్ల మధ్య నుంచి ముందుకి వచ్చింది. ఎలా వచ్చిందో తరవాత గుర్తులేదు.

"అయ్యా, ఆ నీళ్లు ఒదిలియ్యి," అంది. "నాను ఇచ్చినాను. పటంలో పెట్టినాను."

ఎల్లాజీ వెనక్కి తిరిగాడు. దోసిలి అలాగే ఉంది. నీళ్లు మాత్రం వాటంతటవే ఖాళీ అయ్యాయి.

రత్నం చెప్పింది. గీతలు గీసింది, చెరిపింది, చుక్క ఇచ్చింది, దానితో ప్రోగ్రాం మిగతా అందరి బండలూ నేర్చుకుంది. కొండల పేర్లు మాత్రం ఎవరికీ చెప్పలేదని, అంకెలే ఇచ్చానని కూడా అనేసింది. ఆ మాట ఎందుకు అన్నానా అని ఆ తరవాత ఎన్నో రాత్రులు అనుకుంది.

పోలమ్మ లేచి వచ్చింది. కొట్టడానికి వస్తోందనుకుని రత్నం కదలకుండా నిలబడింది. కొడితే బాగుండుననిపించింది.

"నా పెళ్లికి మా అయ్య నాకిచ్చిన బండ అది," అంది పోలమ్మ, అరవకుండా. "ఆడదాన్నని నన్ను ఎన్నడూ తీసుకెల్లనేదు. నా బండ ఎక్కడున్నాదో ఇప్పటికీ నాకు తెల్దు. నోకంలో అందరికీ తెలిసిపోనాది."

రత్నానికి తల కొట్టేసినట్టయింది. అత్త కాళ్ల దగ్గర ఇసక వైపు చూస్తూ నిలబడింది.

పెద్దలు తెప్ప పక్కన కూడి చాలాసేపు మాట్లాడుకున్నారు. వాళ్లకి ఇలాంటి తగువు ఎప్పుడూ రాలేదు. ఆడవాళ్లకి ఆనవాళ్లు చెప్పరు కనుక, ఆడది ఆనవాళ్లు చెప్పేసిందన్న తప్పే వాళ్ల కట్టుబాట్లలో లేదు. ఉన్న తప్పు ఒకటే: చెప్పకూడనివాళ్లకి చెప్పడం. అది చేసింది ఎల్లాజీ. గంగమ్మ పండగ మళ్లీ వచ్చేదాకా ఎల్లాజీ తెప్ప ఎక్కకూడదు, తెడ్డు ముట్టకూడదు అని గున్నయ్య తీర్పు చెప్పాడు. పరదేశికి అపవాదు పోయిందన్నాడు.

శిక్ష తనకి వేయమని రత్నం గున్నయ్య ముందుకి వెళ్లి చేతులు జోడించింది. ముసలాయన ఆమె మీద కోపంగా లేడు.

"నీకు ఏటి సిచ్చ ఎయ్యాలమ్మా? నీకు తెప్పుందా, వలుందా? మానిపించడానికి నీ కాడ మాది ఏటున్నాది?" అన్నాడు. "నీకు తగ్గ సిచ్చ మా కాడ నేదు."

ఎల్లాజీ ఆ తీర్పుకి తల ఊపాడు. కూతురితో ఇంటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, చొక్కా లోపల నుంచి అతుకుల పేపరు తీసి, చూసి, మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.

"నీకు సూపించినందుకు నాకు సిగ్గు నేదు," అన్నాడు. "ఎందుకు దాసుకోవాలో సెప్పకుండా దాసుకో అన్నాను. ఆ సిగ్గు నాది." కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లిపోయాడు. కోప్పడి ఉంటే ఆమె ఎదురు ఏడ్చి తేలికపడేది. తన తప్పులో ఆయనా వాటా అడిగేసరికి ఆమెకి ఏడవడానికి కూడా చోటు లేకపోయింది.

సాయంత్రం పరదేశి ఇంటికి వెళ్లింది. అతను గుమ్మంలో కూచుని చిన్నకూతురికి చెప్పుల పట్టీ కుడుతున్నాడు. క్షమించమని అడగాలని వెళ్లింది గాని ఆ మాటని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అతనే మొదలుపెట్టాడు.

"బోటు కాడ డ్రైవరు ముందర తెరుంటాది. మొదటి రోజే సూసినాను. మన బండ మీద నీ పేరున్నాది మరదలా. ఇంగ్లీషులో."

రత్నం గోడకి ఆనుకుంది. సందులో ఎదురైన రోజు అతను ఎందుకు అలా చూశాడో ఇప్పుడు తెలిసింది. పేటవాళ్లు తన పిల్లల్ని వెలివేస్తుంటే, ఒట్టుకి నీళ్లలోకి దిగినప్పుడు, ఎవరూ నమ్మనప్పుడు, ఒక్క మాటతో బయటపడే దారి ఉండి కూడా అతను నోరు విప్పలేదు.

"ఎందుకు సెప్పనేదు బావా?" అంది.

పరదేశి సూది ఆపి, ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నావన్నట్టు చూశాడు. "ఇంటి మాట కదా," అన్నాడు, పట్టీ మళ్లీ కుట్టుకుంటూ.

మర్నాడు రత్నం ఉమాకాంత్ గారి దగ్గరికి వెళ్లి, చుక్క ఎలాగూ పోదు, కనీసం తన పేరు తీసేయమని అడిగింది. అది మాత్రం సాధ్యమే. ఆయన ఆమె ముందే తీసేశారు. ఒక్క నొక్కుతో పోయింది. పటంలో పోగలిగింది అదొక్కటే. బండ, దానికి దారి, ప్రోగ్రాం నేర్చుకున్న నేర్పు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమె ఉద్యోగం మానలేదు. మానేస్తే ఇల్లు గడవదన్నది ఒక కారణమైతే, మానేస్తే పశ్చాత్తాపం తీరిపోయినట్టు తనకి తనే అనిపిస్తుందేమోనన్న భయం రెండోది. ఎవరు ఏ చుక్క తెచ్చి ఇచ్చినా, ఇది ఎవరిది అని అడగడం ఆమె పనైంది. అక్కడివాళ్లకి అది విసుగు. విసుక్కుంటే విసుక్కోనీ అనుకునేది.

తెప్పలు వెళ్లేవేళకి ఎల్లాజీ ఒడ్డుకి వచ్చి, వాటికి ఒక చెయ్యి వేయకుండా చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాడు. పగలు ఇతరుల వలలు బాగుచేసేవాడు. ఎందుకు వెళ్లడం లేదని పొరుగూరివాళ్లు అడిగితే మోకాళ్ల నొప్పి అనేవాడు.

సంక్రాంతి వెళ్లాక ఒక పొద్దున రత్నం చేపల కోసం హార్బరుకి వెళ్లింది. ఇంట్లో ఎవరూ చేపలు తేవడం లేదు కనుక ఆమే కొనేది. అందరిలాగే బేరమాడి, అందరిలాగే సంచిలో వేసుకునేది. వేలం దగ్గర ఇద్దరు బోటువాళ్లు ఎక్కడ వల వేయాలో మాట్లాడుకుంటున్నారు. ఒకడు కొత్తవాడు, తమిళ యాస వినపడుతోంది. రెండోవాడు ఇక్కడివాడే.

"రత్న బండకి పోదామా?" అన్నాడు కొత్తవాడు.

పేరు పటంలోంచి పోయి నెలలైంది. నోళ్లలో మాత్రం ఉండిపోయింది. అవ్వబండ అన్న మాట ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియదు, ఇక తెలియబోదు కూడా.

"రత్న బండ కాడ ఏటీ నేదురా," అన్నాడు రెండోవాడు, బీడీ పారేస్తూ. "ఒట్టి రాయి."

రత్నం సంచి పట్టుకుని వాళ్ల పక్క నుంచే నడిచి వచ్చింది. స్కూటర్ మీద ఇంటికి తిన్నగా వస్తే పావుగంట దారి. ఆమె ఊరి చివర నుంచి, ఉప్పుమడుల పక్క నుంచి, చుట్టూ తిరిగి వచ్చింది.